ఎడమ చేతి వేసవి

బెండకాయల కొన తుంచి చూడవద్దని మా కొట్లో రెండు భాషల్లో బోర్డు పెట్టాను. ఎవరూ వినరు. డాక్టర్లూ తుంచుతారు, సాఫ్ట్‌వేర్ మేనేజర్లూ తుంచుతారు. ఫట్‌మని విరిగితే లేతది, వంగితే ముదురు. తుంచినవాళ్లు ఆ కాయను అక్కడే వదిలేసి పక్క కాయ తీసుకుంటారు. ఇరవై ఏళ్లుగా అమెరికాలోని ఈ క్యారీ ఊళ్లో కొట్టు నడుపుతున్నాను. తుంచకుండానే సరుకు పోల్చుకునే విద్య నాకు వచ్చని, మనుషుల విషయంలోనూ అది పనికొస్తుందని అనుకునేవాణ్ని. పోయిన వేసవిలో మా అమ్మాయి జెమీమా దగ్గర ఆ లెక్క తప్పింది.

పదకొండో తరగతి పరీక్షలు అయిపోయిన వారం, అన్నం తింటూ అంది. "డాడీ, నేను కాలేజ్‌లో లక్రాస్ ఆడతా."

లక్రాస్ అంటే, చివర చిన్న వల కట్టిన కర్రతో బంతిని గాలిలోనే పట్టి, పరిగెత్తి, గోల్‌లోకి విసిరే ఆట. ఇక్కడి పిల్లలు ఆరేడేళ్లకే ఆ కర్ర పట్టుకుంటారు. జెమీమా పదో తరగతిలో పట్టుకుంది, అదీ జట్టులో ఒక మనిషి తక్కువైందని స్నేహితురాలు అంకిత లాక్కుపోతే. ఆడింది రెండు సీజన్లు. మొదటి సీజన్ సగానికి పైగా బెంచీ మీదే గడిచింది.

మా ఆవిడ కరుణమ్మ ఆస్పత్రిలో నర్సు. విరిగిన వేళ్లూ, వాచిన మోకాళ్లూ చూసి చూసి ఆటలంటే ఆమెకు పడదు. "కాలేజీకి పంపేది చదువుకోడానికా, చేపలు పట్టడానికా? ఆ వలకర్ర పక్కన పెట్టి ముందు పప్పు వేసుకో."

"మమ్మీ, అది చేపల కర్ర కాదు. చదువుతా కూడా."

నేను వ్యాపారం మనిషిని. వద్దనే ముందు అడగాల్సినవి కొన్ని ఉంటాయి. "ఎంతమంది పోటీ?"

"చాలా. వాళ్లంతా టెన్ ఇయర్స్ నుంచి ఆడుతున్నారు."

"నీ దగ్గర ఉన్నదేమిటి?"

"నాకు టయర్డ్ అవ్వదు డాడీ. డిఫెన్స్ ఓకే. ఎవరైనా తోస్తే మళ్లీ లేస్తా."

"లేనిదేమిటి?"

"లెఫ్ట్ హ్యాండ్." పప్పు గరిటెనే కర్రలా పట్టుకుని చూపించింది. పైన ఉన్న చెయ్యే ఆట ఆడే చెయ్యి. కుడి చెయ్యి పైనుంటే బంతి చెప్పినమాట వింటుంది. ఎడమ చేతికి మారిస్తే పారిపోతుంది. "కాలేజ్‌లో రెండూ కావాలి. లేకపోతే హాఫ్ ప్లేయర్."

సరుకు యజమానే లోపం ముందు చెప్పడం నా వృత్తిలో ఎప్పుడూ చూడలేదు. అది తెలివితక్కువతనమని అప్పుడు అనుకున్నాను. "మన కొట్టు వెనక గోడ ఉంది. పొద్దున్నే కూరగాయల లారీ వచ్చేలోపు వాడుకో" అన్నాను.

మర్నాటి నుంచి ఆరింటికి నాతో పాటు కారెక్కేది. నేను షట్టర్ తీసి కరివేపాకు కట్టలు కడుతుంటే, వెనక ఇటుక గోడకు బంతి కొట్టి, తిరిగొచ్చినదాన్ని వలలో పట్టేది. కుడి చేత్తో మూడు వందలు, ఎడమ చేత్తో మూడు వందలు. ఎడమ చేతి మూడు వందలకు రెట్టింపు సమయం పట్టేది, ఎందుకంటే సగం బంతులు చెత్తడబ్బాల వెనక్కి దొర్లిపోయేవి. ఒకరోజు లోపలికి వచ్చి, కొత్తిమీర కడిగే తొట్టిలో చేతులు ముంచి అలాగే నిలబడింది. అరచేతుల్లో నాలుగు బొబ్బలు చితికాయి.

"ఈ పూటకి చాలు తల్లీ."

"ఇంకా సిక్స్‌టీ ఉన్నాయి డాడీ." చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

మా పక్క కొట్టు శ్రీవిద్యగారిది. శనివారాలు పొద్దున అక్కడ పిల్లలకు కూచిపూడి నేర్పుతారు, ఆ రోజు జెమీమా లారీ వచ్చాక కూడా బంతి కొడుతూనే ఉండేది. రెండో శనివారం ఆవిడ చేతిలో తాళం వేసే కర్రతోనే మా కొట్లోకి వచ్చారు.

"ఆశీర్వాదం గారూ, మీ గోడా మా గోడా ఒకటేనండీ."

"అవునండీ. బంతి చప్పుడు ఇబ్బందిగా ఉందా మేడమ్? ఆపమంటాను."

"ఆపమనడానికి రాలేదండీ. కుడి చేత్తో కొట్టినంతసేపూ నాకేం బాధ లేదు, తాళం సరిగ్గానే పడుతోంది. ఎడమ చేతికి మారగానే అర మాత్ర వెనకబడుతోంది. మా పిల్లలు దాన్ని విని తడబడుతున్నారు. ఆ ఎడమ చెయ్యి ఏదో త్వరగా బాగుచేసుకోమనండి."

"గోడ అవతల ఏ చెయ్యో మీకెలా తెలిసింది?"

"వినబడుతుంది కదండీ" అన్నారు, అదేదో నేను వంకాయకు ధర ఎంతని అడిగినట్టు.

ఆ రోజు నుంచి నాకూ వినబడడం మొదలైంది. కుడి చెయ్యి టప్, టప్, టప్‌మని గడియారంలా. ఎడమ చెయ్యి టప్, ఒక ఖాళీ, తర్వాత తొందరపడి రెండు. బరువు తూస్తున్నా, అరలు సర్దుతున్నా నా చెవి గోడ మీదే ఉండేది.

ఇక కాలేజీలకు రాయడం. ఆటకు స్కాలర్‌షిప్పులేమీ ఇవ్వని, చదువుతో పాటు ఆడించే చిన్న కాలేజీలు పంతొమ్మిది ఏరింది. కోచ్‌లకు ఉత్తరాలు నేను రాస్తానన్నాను. సరుకు గురించి రాయడం నాకంటే ఎవరికి తెలుసు?

"పేరెంట్ రాస్తే కోచ్ డిలీట్ చేస్తది డాడీ. ప్లేయరే రాయాలి."

పంతొమ్మిదిటికీ తనే రాసింది. రెండు కాలేజీలు జట్టు నిండిపోయిందన్నాయి. పదహారు పలకలేదు. వర్జీనియా కొండల్లో ఉన్న ఒక కాలేజీ నుంచి మాత్రం రంగుల బొమ్మలతో ఒక ఈమెయిల్ వచ్చింది. జెమీమా దాన్ని కొట్లో ప్రింటర్ మీద అచ్చు తీసి అక్కడే వదిలి వెళ్లింది. నేను చదివాను. 'ప్రియమైన జెమీమా, నీ ఆటను ఆసక్తిగా గమనిస్తున్నాం. జులై ఇరవయ్యారున మా క్యాంపులో నిన్ను కలవాలని ఎదురు చూస్తున్నాం.'

ఎదురు చూస్తున్నాం! కొనేవాడు ఎదురు చూస్తున్నానంటే ఇక తూకం వేయడమే మిగిలింది. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు క్రైస్తవ సంఘం ప్రార్థనకు కూడుతుంది. పాటలయ్యాక మా పాస్టరు అయ్యగారు "సాక్ష్యం చెప్పేవాళ్లు రండి" అంటారు. రానున్న మేలుకు ముందుగానే స్తోత్రం చెల్లించడం మా వాళ్లలో ఉన్నదే. గ్రీన్‌కార్డు చేతికి రాకముందే వచ్చినట్టుగా కృతజ్ఞత చెప్పినవాళ్లు ఆ హాల్లో నలుగురైనా ఉంటారు. ఆ ధైర్యంతోనే లేచాను. అయితే వాళ్లు 'విశ్వాసంతో' అన్న మాట చేరుస్తారు. నేను చేర్చలేదు.

"మా జెమీమాను వర్జీనియాలో కాలేజీ లక్రాస్ జట్టులోకి ప్రభువు నడిపించాడు" అన్నాను.

చప్పట్లు, హల్లెలూయాలు. జెమీమా ఆ సమయంలో కింది గదిలో చిన్నపిల్లలకు సండే స్కూల్ చెబుతోంది. పైకి వచ్చి బిర్యానీ పళ్లెం అందుకునేసరికి ప్రిస్సిల్లా ఆంటీ ఆమెను కావలించుకుంది. "కంగ్రాట్స్ నాన్నా! కాలేజీ టీమ్‌లో సీటొచ్చేసిందంటగా! మీ డాడీ చెప్పారు, మాకందరికీ కళ్లలో నీళ్లే!"

జెమీమా నా వైపు చూసింది. పళ్లెం బల్ల మీద పెట్టేసింది.

కార్లో మూడు సిగ్నళ్లు దాటాం. తర్వాత వెనక సీట్లోంచి మెల్లగా అడిగింది. "డాడీ, మ్యాంగోస్ వచ్చినప్పుడు మీరు వాట్సాప్ పంపిస్తారు కదా?"

"పంపిస్తాను."

"ఎంతమందికి?"

"రెండు వేల పైచిలుకు."

"డియర్ సుమతి గారు, డియర్ జగదీష్ గారు, మీ కోసం ఎదురు చూస్తున్నాం అని ఉంటది. ఆ పేర్లు మీరు టైప్ చేస్తారా?"

పేర్లు దానంతట అదే చేర్చే సాఫ్ట్‌వేర్ కొన్నవాణ్ని నేనే. 'మీ కోసం' అన్న ముక్క అరగంట ఆలోచించి పెట్టిందీ నేనే.

"అది కూడా అదే డాడీ. క్యాంప్ ఫ్లయర్. అంకితకి కూడా వచ్చింది. అంకిత ఆడడం మానేసి వన్ ఇయర్ అయింది."

కరుణమ్మ కిటికీలోంచి బయటకు చూస్తూ, "వలకర్రలో చేపే పడింది" అంది. పడిన చేప ఎవరో ఆమె చెప్పనక్కర్లేదు.

నా మాట నేనే సరిదిద్దుకోవాలి, నిజమే. వారమంతా దానికి దారులు వెతికాను. అడిగినవాళ్లకు మాత్రమే విడివిడిగా చెప్పడం, క్యాంపు అయ్యేదాకా ఊరుకోవడం, ఒకవేళ చోటు వచ్చేస్తే అసలు చెప్పే పనే లేకపోవడం. ఈ మూడోది నాకు బాగా నచ్చింది. ఆదివారం వచ్చేసింది. అయ్యగారు సాక్ష్యాలు అడిగారు. నేను బూట్ల లేసులు చూసుకుంటూ కూర్చున్నాను.

వెనక నుంచి జెమీమా నడిచొచ్చి మైకు ముందు నిలబడింది. పెద్దల ఆరాధనలో ఆమె మాట్లాడడం అదే మొదలు. ఆమె తెలుగు ఇంట్లో మాకు తప్ప ఎవరికీ తెలియదు.

"అందరికి ప్రైజ్ ద లార్డ్. లాస్ట్ సండే డాడీ చెప్పింది ఇంకా అవ్వలేదు. ఆ లెటర్ చాలామందికి వస్తది. నేను రెండు సీజన్లే ఆడాను. నాకు లెఫ్ట్ హ్యాండ్ రాదు. డాడీ అబద్ధం చెప్పలేదు. నా మీద నమ్మకం ఎక్కువ, అందుకే ముందే చెప్పారు. క్యాంప్ జులై ట్వంటీ సిక్స్త్. ప్లీజ్ ప్రే చేయండి." వెళ్లబోతూ మళ్లీ మైకు దగ్గరికి వంగి, "లెఫ్ట్ హ్యాండ్ కోసం" అంది.

ఎవరో చిన్నగా నవ్వారు. ఆ తర్వాత హాలంతా ఆమెన్ అంది. ముందు ఆదివారం నాకు పడిన చప్పట్లకంటే ఆ ఆమెన్ బరువైనదని తూచకుండానే తెలిసింది. మనిషి పరువు నిలబెడుతూ అతని తప్పు సరిదిద్దడం నేను ఎంతోమంది గుమాస్తాలకు నేర్పాలని చూశాను, నాకే రాక నేర్పలేకపోయాను. పదిహేడేళ్ల పిల్ల మైకు స్టాండు ఎత్తు కూడా సరిచేసుకోకుండా చేసి వెళ్లిపోయింది.

భోజనాల దగ్గర కాలేబ్ బ్రదర్ వదల్లేదు. "ఏం ఆశీర్వాదం బ్రదర్, అడ్వాన్స్ బుకింగ్ చేసేశారటగా?"

"మా కొట్టు అలవాటు బ్రదర్" అన్నాను. "సరుకు ఓడలో ఉండగానే అమ్మేస్తాం."

ఆ రాత్రికల్లా జెమీమా ఇంకో నిర్ణయం తీసుకుంది. మర్నాడు పొద్దున ఫోన్‌ను కూరగాయల డబ్బాకు ఆనించి, గోడ ముందు నిలబడి, ఎడమ చేత్తో వంద బంతులు కొట్టింది. పట్టినవి ముప్పై ఎనిమిది. ఆ వీడియోను కోత పెట్టకుండా వర్జీనియా కోచ్‌కి పంపుతానంది.

"ఏమిటీ, జారిపోయినవి కూడానా?"

"అవే డాడీ. రైట్ హ్యాండ్ అందరికి ఉంటది."

"జెమీ, ఈ ఒక్కటి నా మాట విను. టమాటా పెట్టె సర్దేటప్పుడు ఎవరైనా మెత్తబడినవి పైన పెడతారా?"

"మీరు కొనేటప్పుడు పైవి చూస్తారా, కిందవి చూస్తారా?"

కిందవే చూస్తాను. హోల్‌సేల్ మార్కెట్‌లో పెట్టె తలకిందులు చేసి మరీ చూస్తాను. అక్కడి వాళ్లు నన్ను చూడగానే విసుక్కుంటారు.

"కోచ్ కూడా బాక్స్ తిప్పుతది. నేనే తిప్పి ఇస్తే టైమ్ సేవ్ అవుతది కదా."

ఉత్తరం నాలుగు వాక్యాలు. రెండు సీజన్లు ఆడాను. ఎడమ చెయ్యి ఈ రోజు వందకు ముప్పై ఎనిమిది. క్యాంపుకి వస్తున్నాను. అంతవరకు ప్రతి సోమవారం పంపుతాను. జవాబు రాలేదు. రెండో సోమవారం నలభై నాలుగు పంపింది. మూడో సోమవారం నలభై ఒకటికి పడిపోయింది.

"ఇది మాత్రం పంపకు. తగ్గింది" అన్నాను.

"తగ్గింది కదా, అదే పంపాలి."

ఆ నలభై ఒకటికి జవాబొచ్చింది. ఒక్క ముక్క. 'బంతి వచ్చాక చూస్తున్నావు, రాకముందు చూడు. కలుద్దాం.' ఈసారి ఆ 'కలుద్దాం' కింద కోచ్ తన పేరు తనే టైప్ చేసినట్టుంది, ఇంగ్లిష్‌లో పెద్దదిగా ఉండాల్సిన మొదటి అక్షరం కూడా చిన్నదే. జెమీమా ఫోన్ నా చేతికిచ్చి, నేను చదువుతుంటే నా మొహం చూసింది. నేను జేబులో పెట్టుకోలేదు, ఎవరికీ చెప్పలేదు.

శ్రీవిద్యగారు శనివారాలు క్లాసయ్యాక వెనక్కి వచ్చి నిలబడేవారు. ఆవిడకు లక్రాస్ తెలియదు. అయినా, "మోకాళ్లు వంచమ్మా. నిటారుగా నిలబడితే ఏ పక్కకీ వెళ్లలేవు. మా పిల్లలకీ ఇదే చెప్పి చెప్పి నా గొంతు పోయింది" అనేవారు. జెమీమా వంచేది. ఆవిడ తాళంకర్రతో చెత్తడబ్బా మూత మీద కొడుతుంటే ఈమె గోడ మీద కొట్టేది. ఆ శబ్దానికి మా లారీ డ్రైవర్ చెవుల్లో దూది పెట్టుకున్నాడు. జులై మూడో సోమవారానికి లెక్క డెబ్బై రెండు.

క్యాంపుకి ముగ్గురం వెళ్లాం. కొండల మధ్య పచ్చటి మైదానం, డెబ్బై మంది దాకా అమ్మాయిలు. అందరి భుజాలకూ క్లబ్బుల పేర్లు కుట్టిన పొడవాటి సంచులు. జెమీమా కర్రలూ బూట్లూ మా కొట్లో అమ్మే ఇరవై పౌండ్ల బాస్మతి బియ్యం సంచిలో ఉన్నాయి. జిప్ గట్టిది, పట్టీలు గట్టివి, అంతకంటే మంచి సంచి లేదని తనే ఎంచుకుంది. దాని మీద ఏనుగు బొమ్మ. కొందరు చూసి మొహాలు చూసుకున్నారు. ఒకమ్మాయి మాత్రం వచ్చి, అది ఏ క్లబ్ అని అడిగింది.

"ఇరవై పౌండ్ల క్లబ్" అంది జెమీమా. ఆ అమ్మాయి తల ఊపి వెళ్లిపోయింది.

నేను కోచ్ కోసం సున్నుండల డబ్బా తెచ్చాను. కార్లోంచి తీస్తుంటే జెమీమా పట్టుకుంది. "డాడీ, నో. కోచ్‌కి గిఫ్ట్ ఇవ్వకూడదు."

"గిఫ్ట్ కాదే. సున్నుండలు."

"డాడీ."

డబ్బా కార్లోనే ఉండిపోయింది. తల్లిదండ్రులం తాడు వెనక నిలబడాలి. నేను కొట్టు వదిలి, ఎవరితోనూ బేరం మాట్లాడకుండా అంతసేపు నిలబడడం జీవితంలో అదే మొదటిసారి.

జెమీమా నంబరు యాభై ఎనిమిది. బంతితో వచ్చేవాళ్లను ఆపడం ఆమె పని. ఎదురుగా పడింది జడను ముడిగా చుట్టుకున్న పొడుగమ్మాయి. మొదటిసారి కుడికి వెళ్లినట్టు చేసి, గిర్రున తిరిగి ఎడమ పక్కనుంచి దాటిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి జెమీమా కింద పడింది, పొడుగమ్మాయి గోల్ కొట్టింది. కోచ్ అట్టమీద ఏదో రాసుకుంది. కరుణమ్మ నా మోచెయ్యి గిల్లింది. ఆమె వలకర్ర అని అనడం అప్పటికి ఎన్నాళ్లుగానో మానేసిందని ఆ గిల్లుడులో తెలిసింది.

విజిల్ వేశారు. అందరూ నీళ్ల దగ్గరికి పరిగెత్తారు. జెమీమా ఆ పొడుగమ్మాయి దగ్గరికి వెళ్లింది.

"అదేంటండీ, దీన్ని పడేసినదానితో మాటలేంటి?" అంది కరుణమ్మ.

"ఎలా పడేశావని అడుగుతోంది."

"అడిగితే చెబుతుందా ఎవరైనా?"

పొడుగమ్మాయి ముందు నవ్వింది. తర్వాత సీసా కింద పెట్టి, కర్ర తీసుకుని, మెల్లగా ఒకసారి తిరిగి చూపించింది. జెమీమా ఆమె పాదాల వైపు వేలు చూపించి ఏదో అడిగింది. ఆమె మళ్లీ తిరిగి చూపించింది.

"చెబుతోంది" అన్నాను.

మా రోడ్డుకు అవతలి కొట్లో కరివేపాకు నాదానికంటే రెండు రోజులు ఎక్కువ పచ్చగా ఉంటుంది. ఎనిమిదేళ్లుగా అదెలాగో తెలుసుకోవాలని బంధువుల్ని పంపాను, ఫోటోలు తీయించాను, వాళ్ల చెత్తడబ్బాలో కవర్లు కూడా చూశాను. రోడ్డు దాటి వెళ్లి అడగాలని మాత్రం ఒక్కనాడూ తోచలేదు.

ఆట మళ్లీ మొదలైంది. పొడుగమ్మాయి వచ్చింది, కుడికి అన్నట్టు చేసింది, తిరిగింది. జెమీమా అర అడుగు ఆలస్యం. దాటిపోయింది. మళ్లీ వచ్చింది. ఈసారి జెమీమా మోకాళ్లు వంచి, కర్ర వైపు చూడకుండా ఆమె పాదాలనే చూస్తూ నిలబడింది. పొడుగమ్మాయి తిరిగేసరికి ఎదురుగా జెమీమాయే ఉంది. రెండు కర్రలూ తగిలి బంతి నేల మీద పడింది. జెమీమా దాన్ని ఎత్తి పరిగెత్తింది. కుడి చేత్తో సులువుగా విసరవచ్చు, దారి ఖాళీగా ఉంది. ఆమె కర్రను ఎడమ చేతికి మార్చింది. విసిరింది. అందుకోవాల్సిన అమ్మాయికి రెండడుగుల ముందు బంతి నేల మీద పడి, ఎగిరి, ఆమె వలలోకి వెళ్లింది.

గొప్ప విసురు కాదు. కోచ్ అట్ట మీద రాసింది. ఏం రాసిందో నాకిప్పటికీ తెలియదు.

తిరుగు ప్రయాణం ముందు జెమీమా చెమటతో కారు దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. "ఆ బాక్స్ ఇవ్వండి డాడీ."

"కోచ్‌కి కూడదన్నావుగా?"

"కోచ్‌కి కాదు." పొడుగమ్మాయికి ఇచ్చి వచ్చింది. ఆ పిల్ల అక్కడే నిలబడి రెండు సున్నుండలు తిని, మూడోది జేబులో వేసుకోవడం నేను చూశాను.

ఆగస్టు మొదటి మంగళవారం పొద్దున, లారీ నుంచి బెండకాయల పెట్టెలు దించుతుంటే జెమీమా ఫోన్ మోగింది. పేరు చూసి స్పీకర్ నొక్కింది. "డాడీ, మీరు కూడా వినండి. కానీ మాట్లాడకూడదు."

కోచ్ గొంతు తొణకకుండా ఉంది. "జెమీమా, సూటిగా చెబుతాను. ఆ రోజు నీకంటే బాగా ఆడినవాళ్లు ఇరవై మంది ఉన్నారు. తన లోపాన్ని వారం తప్పకుండా నాకు పంపింది మాత్రం నువ్వొక్కదానివే. ఈ కాలేజీలో అడ్మిషన్ తెచ్చుకో, జట్టులో నీకు చోటుంచుతాను. మొదటి ఏడాది మ్యాచ్‌లో దింపుతానని మాట ఇవ్వలేను. రెండో ఏడాదీ ఇవ్వలేను. అది తెలిసే రావాలి."

నేను పెట్టె కింద పెట్టి ఒక వేలు ఎత్తి చూపించాను. ఒక్క మ్యాచ్. ఒక్కటైనా మాట తీసుకో. జెమీమా నాకు వీపు తిప్పింది.

"తెలుసు కోచ్. వస్తాను. థాంక్యూ. ఇప్పుడు నేను ఏం చేయాలి?"

"అది నాకంటే నీకే బాగా తెలుసు" అంది కోచ్. ఫోన్ పెట్టేసింది.

నేను ఆగలేకపోయాను. "అడగవలసింది. ఒక్క మ్యాచ్ అన్నా రాయించుకోవలసింది. అవతలి వాళ్లు కావాలనుకున్నప్పుడే అడగాలి."

"అది ఆవిడ ఇచ్చేది కాదు డాడీ. నేను ఆడితే వస్తది, లేకపోతే రాదు." కొత్త పెట్టెలోంచి ఒక బెండకాయ తీసి, నా కళ్లలోకి చూస్తూ కొన తుంచింది. ఫట్‌మంది.

"బోర్డు చదవలేదా?"

"చదివాను." తుంచిన కాయను నోట్లో వేసుకుని నములుతూ పెట్టె ఎత్తుకుని లోపలికి వెళ్లింది. అప్పుడు నేను కాసేపు లారీ వెనక నిలబడవలసి వచ్చింది. డ్రైవర్ ఏమైందని అడిగితే ఉల్లిపాయల బస్తాలన్నాను. ఆ రోజు లారీలో ఉల్లిపాయలు లేవు.

ఆదివారం అయ్యగారు సాక్ష్యాలు అడిగి, నేరుగా నా వైపు చూశారు. కాలేబ్ బ్రదర్ మెడ తిప్పి మరీ చూశాడు. నేను లేవలేదు. నా పక్కన కుర్చీ కదిలింది. పెళ్లయినప్పటి నుంచి ఏ సభలోనూ నోరు తెరవని కరుణమ్మ లేచి నిలబడింది.

"మా అమ్మాయికి జట్టులో చోటిస్తామన్నారు. ఆడిస్తారో లేదో తెలియదు. అది మాత్రం మానదు" అంది. కూర్చుంది.

తర్వాతి శనివారం కొట్లో రద్దీగా ఉంది. ఎవరికో కాకరకాయలు తూస్తున్నాను. గోడకు అటు శ్రీవిద్యగారి తాళంకర్ర మోగుతోంది, వెనక బంతి చప్పుడు వినబడుతోంది. అలవాటుగా చెవి పెట్టాను. టప్, టప్, టప్. ఖాళీ లేదు, తొందర లేదు. కుడి చెయ్యి అనుకున్నాను. ఎంతసేపటికీ మారడం లేదు. మూడు వందలు దాటి ఉండాలి. మారిందేమో, నాకే తెలియలేదేమో. శ్రీవిద్యగారి కర్ర కూడా ఎక్కడా ఆగలేదు.

"ఆశీర్వాదం గారూ, తూకం!" అన్నారు ఎదురుగా ఉన్నావిడ.

"ఒక్క నిమిషం అమ్మా" అని కాకరకాయలు తక్కెడలోనే వదిలేసి, వెనక తలుపు తీసి చూశాను.

పైన ఉన్నది ఎడమ చెయ్యి.